తిరుపతిలో అద్దె ఇల్లు: ‘మంచి ఏరియా’ అన్న మాటను ఎంతవరకు నమ్మొచ్చు?

జూన్ వచ్చిందంటే తిరుపతి వీధుల్లో టూలెట్ బోర్డుల కింద కొత్త ముఖాలు కనిపిస్తాయి. యూనివర్సిటీల్లో సీటు వచ్చిన పిల్లలు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో చేరిన నర్సులు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరికిన అమ్మాయిలు, బదిలీ మీద వచ్చిన కుటుంబాలు. అద్దె ఎంత, నీళ్ళు ఎలా వస్తాయి అన్నవి అయ్యాక అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘ఏరియా మంచిదేనా అన్నా?’’ జవాబు కూడా దాదాపు ఒకటే: ‘‘మంచి ఏరియా సార్, అంతా ఫ్యామిలీలే.’’

ఆ జవాబు నమ్మి కొందరు అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు. ఇంకొందరు ఎవరో ‘‘అక్కడొద్దు’’ అన్నారని నచ్చిన ఇల్లు వదిలేసుకుంటారు. ఆ మాట ఏ ప్రమాదం గురించి చెబుతోందో మాత్రం విడదీసి చూసేవాళ్ళు తక్కువ. పోలీసు లెక్కలు ఒక సంగతి చెబుతాయి, పేపర్లో వార్తలు ఇంకోటి చెబుతాయి, పక్కింటావిడ మాట మరోటి చెబుతుంది. రోజూ వేలమంది వచ్చిపోయే తిరుపతిలో ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోవడం మరీ ఎక్కువ.

దేని నుంచి, ఎవరికి, ఏ వేళ

ఒక వీధి సురక్షితమా కాదా అన్న ప్రశ్నలో చాలా ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. మనిషి మీద దాడి, వేధింపు ఒక రకం. ఇంట్లో దొంగతనం, మెడలో గొలుసు లాక్కుపోవడం, బండి మాయమవడం ఇంకో రకం. ఇంటి ముందు రోడ్డు మీద జరిగే యాక్సిడెంట్లు, వానాకాలంలో నీళ్ళు, కుక్కలు, కొండ అంచున అయితే అడవి జంతువులు మరో రకం. వీటన్నిటి పక్కనే ఇంకోటి ఉంది: భయం. ఏమీ జరగకపోయినా చీకటి సందులో నడవాలంటే కలిగే టెన్షన్ మనిషి తిరుగుడును తగ్గిస్తుంది. కాబట్టి అది కూడా లెక్కలోకి రావాల్సిందే. అయితే భయం ఉన్నచోటా ప్రమాదం ఉన్నచోటా ఎప్పుడూ ఒకటి కావు.

దేశం మొత్తం మీద 2022లో నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. ఇల్లు చూసేటప్పుడు మనం ‘‘ఇక్కడ గొడవలేమైనా జరుగుతాయా’’ అని అడుగుతాం. పిల్లవాడు స్కూలు ఆటో ఎక్కాలంటే రేణిగుంట రోడ్డునో కరకంబాడి రోడ్డునో ఎక్కడ దాటాలి అన్నది చాలామందికి తట్టదు. అంకెల ప్రకారం రెండో ప్రశ్నే పెద్దది.

ఆడవాళ్ళ మీద నేరాల అంకెనూ ఇలాగే తప్పుగా చదువుతుంటాం. 2022లో దేశంలో అలాంటి కేసులు 4,45,256. వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా, సుమారు 31 శాతం, భర్త లేదా అతని బంధువులు పెట్టే హింసది. అంటే ఒక ఊళ్ళో ఈ కేసులు ఎక్కువున్నాయంటే ఆ ఊరి వీధులు ప్రమాదకరమని అర్థం కాదు. ఇళ్ళలో జరుగుతున్నది స్టేషన్ దాకా వస్తోందన్నది కూడా అందులో ఉంటుంది. రాత్రి పూట ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్ళే అమ్మాయికి ఆ అంకె నేరుగా చెప్పేది కొద్దే.

పోలీసు లెక్కల్లో తిరుపతి ఎందుకు తికమకపెడుతుంది

నేరాల లెక్కలకి మూలం ఎఫ్ఐఆర్. పోలీసులు కోర్టు అనుమతి అక్కర్లేకుండా దర్యాప్తు చేయదగిన నేరం గురించి స్టేషన్‌లో రాసుకునే మొదటి సమాచారం అది. ఏటా ఈ ఎఫ్ఐఆర్‌లన్నీ కలిపి జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, నివేదిక వేస్తుంది. అందులో ‘క్రైమ్ రేటు’ అంటే లక్ష జనాభాకి ఎన్ని కేసులు అన్న లెక్క.

అద్దె ఇల్లు వెతికేవాళ్ళకి ఇక్కడే మొదటి చిక్కు. ఆ లెక్కలు జిల్లాకో పెద్ద నగరానికో ఉంటాయి తప్ప వీధికి ఉండవు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. అప్పుడు అందులో శ్రీకాళహస్తి, వెంకటగిరి, గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలన్నీ చేరాయి. ‘‘తిరుపతిలో నేరాలు పెరిగాయి’’ అన్న వార్త చదివితే అది తిరుపతి ఊళ్ళోని బైరాగిపట్టెడ గురించో, ఎక్కడో సముద్రం ఒడ్డు మండలం గురించో తెలియదు. అంతకుముందు ‘తిరుపతి అర్బన్’ అనే పోలీసు జిల్లా వేరుగా ఉండేది, దాని హద్దులు వేరు. కాబట్టి 2021 అంకెను 2023 అంకె పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడమూ కుదరదు.

రెండో చిక్కు తిరుపతికే ప్రత్యేకం. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా సుమారు 2.87 లక్షలు. శ్రీవారి దర్శనానికి వచ్చేవాళ్ళు మామూలు రోజుల్లోనే అరవై, డెబ్భై వేల మంది ఉంటారు. వాళ్ళలో చాలామంది ఈ ఊరి మీదుగా పోయేవాళ్ళే. యాత్రికుడి పర్సు బస్టాండులో పోతే ఆ కేసు ఇక్కడి లెక్కలో పడుతుంది. ఆ యాత్రికుడు మాత్రం ఇక్కడి జనాభాలో ఉండడు.

దీన్ని ఊహించిన అంకెలతో వేసి చూద్దాం. బస్టాండు, రైల్వే స్టేషన్ ఉన్న ఒక ప్రాంతంలో 50,000 మంది నివాసం ఉంటారనుకుందాం. ఏడాదికి 100 దొంగతనం కేసులు. రేటు లక్షకి 200. దూరంగా ఉన్న ఒక కాలనీలో 20,000 మంది, 20 కేసులు. రేటు లక్షకి 100. కాగితం మీద మొదటిది రెండింతలు ప్రమాదకరం. కానీ మొదటి చోట 100 కేసుల్లో 70 యాత్రికులవి అనుకోండి. అక్కడ కాపురం ఉండేవాళ్ళవి 30 మాత్రమే, అంటే లక్షకి 60. రెండో చోట 20కి 20 ఇళ్ళవాళ్ళవే. ఇల్లు తీసుకుని ఉండేవాడికి రెండో కాలనీలోనే దొంగతనం బెడద ఎక్కువ. ఎక్కువ కేసులున్న స్టేషన్ పరిధి అనగానే జనం వెనక్కి తగ్గుతారు గానీ, ఆ కేసులు ఎవరివి అన్న ప్రశ్న లేకుండా ఆ అంకె సగమే.

ఇంకో సాంకేతిక సంగతి ఉంది. ఒక ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే ఎన్‌సీఆర్‌బీ లెక్కలో పడేది వాటిలో అతి తీవ్రమైనది ఒక్కటే. చిన్నవి లెక్కలోంచి జారిపోతాయి.

నమోదు కానిది లేనట్టు కాదు

నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని ఎన్‌సీఆర్‌బీ తన నివేదికల్లోనే హెచ్చరిస్తుంది. ఫిర్యాదు తీసుకునే స్టేషన్ పరిధిలో అంకె పెరుగుతుంది, ‘‘పోనీలేమ్మా, రాజీ పడండి’’ అని పంపేసే చోట తగ్గుతుంది. ఫోను పోతే చాలామంది దొంగతనమని కాక పోగొట్టుకున్నామని రాయిస్తారు. ఇక వేధింపుల సంగతి చెప్పక్కర్లేదు. శారీరక లేదా లైంగిక హింసకి గురైన ఆడవాళ్ళలో దాన్ని ఆపడానికి ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతమేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తేల్చింది. ఎవరినైనా అంటే అమ్మనో అక్కనో కూడా కలిపి. ఇక పోలీసుల దాకా వచ్చేది ఎంత ఉంటుందో అనుకోండి.

ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. కానీ లైంగిక నేరాలు, పిల్లల మీద నేరాల వంటి సున్నితమైన కేసులకి అందులో మినహాయింపు ఉంది. బాధితుల పేరు బయటపడకూడదు కాబట్టి అది సరైన మినహాయింపే. అయితే దానివల్ల ఒక అమ్మాయి తనకి అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం కోసం పోర్టల్ వెతికితే అది అక్కడ కనిపించదు. కనిపించలేదు కాబట్టి జరగలేదు అనుకోవడానికి లేదు.

పేపర్‌లో పడ్డ పేరు

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు చనిపోయారు. దేశమంతా టీవీల్లో బైరాగిపట్టెడ పేరు మోగింది. ఆ పేరు అంతకుముందు వినని బయటి ఊరివాళ్ళకి అది ‘ఆ ఘటన జరిగిన చోటు’గా మిగిలిపోయింది. నిజానికి అది మామూలు ఇళ్ళ ప్రాంతం. ఆ రాత్రి ప్రాణాలు తీసింది అక్కడి వీధులు కాదు, ఒక్కచోట పోగైన జనాన్ని నడిపించిన తీరు. ఆ ఆరుగురి చావుని చిన్నది చేయడానికి కాదు ఈ మాట. అక్కడ అద్దెకుంటే రోజువారీ బతుకు ఎలా ఉంటుందన్నది ఆ వార్తలోంచి తెలియదు, అంతే. పెద్ద ఉత్సవాల రోజుల్లో ఆ చుట్టుపక్కల దారులు మూస్తారా, అంబులెన్స్ రాగలదా అన్న ప్రశ్నకి మాత్రం దానితో సంబంధం ఉంది.

వార్తకి ఇంకో గుణం కూడా ఉంది: అది పాతబడినా పేరుని వదలదు. పదేళ్ళ కింద ఒక వీధిలో జరిగింది ఇప్పటికీ ‘‘అక్కడొద్దు’’గా తిరుగుతూ ఉంటుంది. ఈలోగా అక్కడ లైట్లు వచ్చుంటాయి, రోడ్డు వెడల్పయి ఉంటుంది. తిరగేసి చూస్తే, ప్రశాంతంగా ఉండే మలుపు దగ్గర మద్యం షాపు వెలిసి ఉండొచ్చు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో మళ్ళీ ప్రైవేటు మద్యం షాపులు తెరిచారు. అంతకుముందు ఊరు వదిలిపెట్టిన స్నేహితుడు ఇచ్చే సమాచారం ఆ మార్పుకి ముందుది.

కళ్ళున్న వీధి, కెమెరా ఉన్న గేటు

వీధిని ఏది కాపాడుతుందన్న దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. నాకు రెండింటిలోనూ నిజం కనిపిస్తుంది.

మొదటిది, గేటు, వాచ్‌మన్, సీసీ కెమెరా ఉన్న అపార్ట్‌మెంట్ మంచిదన్నది. లోపలికి ఎవరొచ్చారో రాసుంటుంది. దొంగతనం జరిగితే పోలీసులకి ఆధారం దొరుకుతుంది. కానీ కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది తప్ప, జరుగుతున్నప్పుడు అడ్డం పడదు. పైగా గేటు దాకానే ఆ భద్రత. బైపాస్ వైపు కొత్త వెంచర్లలో ఇలాంటి బిల్డింగులు చాలా ఉన్నాయి: లోపల లిఫ్టు, జనరేటరు, బయట మెయిన్ రోడ్డు దాకా ఖాళీ ప్లాట్లు, కంపచెట్లు, ఆరిపోయిన వీధిలైటు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆటోవాడు ‘‘లోపలికి రానమ్మా, ఈడే దిగు’’ అంటే మిగిలిన నడక గేటు లెక్కలోకి రాదు.

రెండోది, మనుషులున్న పాత వీధే మంచిదన్నది. కొర్లగుంట వైపో, గాంధీ రోడ్డు వెనకాల సందుల్లోనో సాయంత్రం ఒక్కసారి నడిస్తే దీని అర్థం తెలుస్తుంది. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు విసురుతూ ఒకాయన, మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఒకావిడ, ఎదురుగా టిఫిన్ బండి. అరుగు మీద ఉన్నవాళ్ళకి ఆ సందులో ఏ బండి ఎవరిదో తెలుసు. కొత్త మనిషి రెండుసార్లు తిరిగితే ‘‘ఎవురు కావల్ల నాయనా?’’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న చాలా దొంగతనాల్ని ఆపగలదు. ‘సేఫ్టీపిన్’ అనే యాప్ వీధుల్ని అంచనా వేసేటప్పుడు వెలుతురు, కాలిబాటలతో పాటు అక్కడ మనుషులున్నారా, వాళ్ళలో ఆడవాళ్ళెందరు, కిటికీలు తలుపులు వీధి వైపు ఉన్నాయా అన్నవి కూడా చూడటానికి కారణం ఇదే.

అయితే ఆ కళ్ళు అందరికీ ఒకేలా పనిచేయవు. పెళ్ళికాని అమ్మాయి రాత్రి పది గంటలకి డ్యూటీ దిగి వస్తే అవే కళ్ళు ‘‘ఇంత పొద్దుపోయిందాకా యాడికి పోయుంటాది’’ అని కూడా చూస్తాయి. తోటి ఉద్యోగి బండి మీద దింపితే మర్నాడు ఓనరమ్మ దాకా వెళుతుంది. వీధి ఆమెని దొంగ నుంచి కాపాడుతుంది, అదే సమయంలో ఆమెని కాపలా కాస్తుంది. ఒంటరిగా బతికే ఆడపిల్లలు ఊపిరాడక ఇళ్ళు మారుతున్నది చాలాసార్లు ఇందుకే. దీన్ని భద్రత అని సరిపెట్టడం వాళ్ళకి అన్యాయం చేయడమే.

తిరుపతిలో ఈ రెండింటికీ నడుమ మూడో రకం ఉంది. టీటీడీ యాత్రికుల వసతి సముదాయాలైన శ్రీనివాసం, విష్ణు నివాసం చుట్టుపక్కల, అలిపిరి దారిలో చాలా ఇళ్ళని, ఫ్లాట్లని రోజు అద్దెకి యాత్రికులకి ఇస్తారు. మెట్ల మీద రోజూ కొత్త మొహాలు. ఎవరు ఏ ఫ్లాటుకి వచ్చారో పక్కవాళ్ళకి తెలియదు. కెమెరా ఉన్నా అరుగు ఉన్నా ఇక్కడ ఉపయోగం తగ్గిపోతుంది. మరోవైపు, టోకెన్ల కోసం తెల్లవారుజామున మూడు గంటలకే బయల్దేరే జనం, వాళ్ళ కోసం తెరిచి ఉండే టీ కొట్లు, ఆటోలు. అర్ధరాత్రి రైలు దిగి ఇంటికి నడిచే మనిషికి ఆ వీధి ఎప్పుడూ నిర్మానుష్యం కాదు.

‘అంతా ఫ్యామిలీలే’ అన్నప్పుడు

బ్రోకర్ నోట ఈ మాటకి రకరకాల అర్థాలుంటాయి. కొన్నిసార్లు బ్యాచిలర్లు లేరని. కొన్నిసార్లు ‘మనవాళ్ళే’ ఉంటారని, అంటే కులం గురించో మతం గురించో. ‘‘ఆ వైపు జనం బాగోరు’’ అన్న మాటని గుచ్చి అడిగితే చాలాసార్లు అక్కడ పేదవాళ్ళున్నారన్నదే మిగులుతుంది. పేదల కాలనీల్లో పోలీసు తనిఖీలు ఎక్కువ జరిగితే చిన్నచిన్న కేసులూ ఎక్కువ నమోదవుతాయి. ఆ కేసులే మళ్ళీ ఆ కాలనీ చెడ్డదనడానికి సాక్ష్యం అవుతాయి. అనుభవం మీద చెప్పే మాటలో సంగతులుంటాయి: ఏ మలుపు, ఏ వేళ, ఏం జరిగింది. దురభిప్రాయంలో అవి ఉండవు, ‘వాళ్ళు’ మాత్రమే ఉంటారు.

ఎండలో చూసిన ఇల్లు, వానలో ఉండే ఇల్లు

ఇళ్ళు వెతికేది ఎక్కువగా ఎండాకాలం చివర. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఈ నడుమ దూరమే చాలామందిని ముంచుతుంది.

2021 నవంబరులో శేషాచలం కొండల మీద పడ్డ నీరంతా ఒక్కసారిగా ఊరి మీదికి దిగింది. కపిలతీర్థం దగ్గర జలపాతం భయంకరంగా దూకింది. ఎమ్మార్ పల్లి వైపు కాలనీలు నీళ్ళలో ఉండిపోయాయి. ఆ రోజుల్లోనే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో దింపిన సిమెంటు వరలతో కట్టిన నీళ్ళ తొట్టి నేలలోంచి పైకి లేచింది. అంతకు నెల ముందు, అక్టోబరులో, వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్ళలో వాహనం మునిగి కొత్తగా పెళ్ళయిన యువతి చనిపోయింది. వాళ్ళు బయటి ఊరి నుంచి దర్శనానికి వచ్చినవాళ్ళు. ఆ దారి వానలో ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి తెలుసు. అది రాత్రిపూట వచ్చిన కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

కొండ నుంచి స్వర్ణముఖి వైపు నీరు దిగే వాలులో ఊరు పెరిగింది. ఆ దారిలో ఉన్న వంకలు, చెరువుల చుట్టూ కాలనీలు లేచాయి. పల్లపు వీధిలో ఇంటి గోడలు దగ్గరగా చూస్తే ఆ సంగతి రాసినట్టే ఉంటుంది. కొత్త సున్నం కింద మోకాలెత్తున మట్టిరంగు గీత. మీటర్ బోర్డు మొదట ఉన్నచోట నాలుగు మేకు రంధ్రాలు, బోర్డు రెండడుగులు పైకి జరిగి. వాకిట్లో రెండు మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి, ఎందుకంటే సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పైకి లేచి ఇల్లు గుంటలో పడింది. ఓనరు ‘‘మా వీధికి నీళ్ళే రావు’’ అంటారు. పక్క బంకు ఆయన మాత్రం ‘‘ఆ వానకి ఈడిదాకా వచ్చినాయి’’ అని నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాడు.

కొండ అంచు కాలనీలది ఇంకో లెక్క. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ళ పాప బలైంది. యూనివర్సిటీ ప్రాంగణంలోనూ చిరుతలు కనిపించాయి. జీవకోన వైపు ఇల్లు అంటే భయపడి వదులుకోవాలని కాదు. చెత్త పోగైతే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. కాబట్టి కొండ పక్క వీధిలో చెత్త ఎత్తుతున్నారా లేదా అన్నది కూడా భద్రతకి సంబంధించిన విషయమే.

రెండు ఇళ్ళు, రెండు కుటుంబాలు

ఇప్పుడు ఊహించిన ఇళ్ళతో ఒక లెక్క చూద్దాం. మొదటిది బస్టాండుకి దగ్గర్లో, పాత వీధిలో మేడ మీద పోర్షన్. కింద ఓనర్లు, ఎదురుగా కొట్లు, కాస్త పల్లం, వానకి వీధిలో నీళ్ళు నిలుస్తాయి. రెండోది ఊరి శివార్లలో కొత్త అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. గేటు, కెమెరాలు ఉన్నాయి. మెయిన్ రోడ్డు నుంచి ముప్పావు కిలోమీటరు లోపలికి.

రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగే నర్సుకి మొదటి ఇంట్లో అసలు ప్రమాదం, అంటే ఒంటరి నడక, దాదాపు లేదు. వీధిలో నీళ్ళు నిలిచినా ఆమె ఉండేది మేడ మీద. ఆమె సర్దుకోవాల్సింది వీధి చూపులతో. రెండో ఇంట్లో రోజూ ఆ ముప్పావు కిలోమీటరు ఉంది, వానాకాలంలో చీకటితో పాటు.

అదే రెండు ఇళ్ళని, పిల్లల దగ్గరికి బెంగళూరు, చెన్నై నెలల తరబడి వెళ్ళొచ్చే రిటైరైన దంపతుల వైపు నుంచి చూస్తే తూకం మారుతుంది. వాళ్ళు రాత్రి నడవరు. వాళ్ళ ప్రమాదం తాళం వేసిన ఇల్లు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ఊరెళ్ళే ముందు నమోదు చేసుకుంటే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టి ఉండే పద్ధతి ఉంది. ఇంటి ఓనర్లు కిందే ఉండే పాత వీధి ఆ విషయంలో మంచిదే. కానీ ఆ రిటైరైన పెద్దాయనకి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే వీధిలో నిలిచిన నీళ్ళలో మెట్లు దింపి ఆటో ఎక్కించాలి. రెండో ఇంట్లో లిఫ్టు ఉంది, అంబులెన్స్ గేటు దాకా వస్తుంది. వాళ్ళకి శివారు ఇల్లే నయం కావచ్చు, వాచ్‌మన్ నిజంగా రాత్రంతా ఉంటే.

నర్సుకి రోస్టర్ మారి రాత్రి డ్యూటీ పడితే లెక్క మళ్ళీ మారుతుంది. సాయంత్రం ఏడింటికి వెళ్ళి పొద్దున ఎనిమిదిన్నరకి తిరిగొచ్చే మనిషికి ఆ ముప్పావు కిలోమీటరు వేసవిలో వెళ్ళేటప్పుడు మసక వెలుతురులో, వచ్చేటప్పుడు పగటి వెలుతురులో ఉంటుంది. డిసెంబరులో వెళ్ళేటప్పుడు మాత్రం చీకటే.